సిల్వర్ గిన్నె చరిత్ర ఎక్కడ మొదలవుతుంది?

మా ఇంట్లో అల్యూమినియం అనే మాట ఎవరూ వాడరు. సిల్వర్ గిన్నె, సిల్వర్ బిందె, అంతే. అసలు వెండి బీరువాలో ఉంటుంది. ఈ సిల్వర్ మాత్రం పొయ్యి మీద మసిబారి, సొట్టలు పడి, చివరికి పాత సామాన్లవాడి తక్కెట్లోకి పోతుంది. అల్యూమినియం పరిశ్రమ చరిత్ర మీద పరిశోధకులు రాసిన పుస్తకాలు ఒకదాని వెంట ఒకటి చదువుతుంటే ఈ పేరు మాటిమాటికీ గుర్తొచ్చింది. ఈ చరిత్ర చెప్పేవాళ్ళు సాధారణంగా అక్కడే మొదలుపెడతారు: ఒకప్పుడు వెండి కన్నా ఖరీదైన లోహం, 1884లో వాషింగ్టన్ స్మారక స్తంభం కొసన పెట్టుకున్న లోహం, 1886లో అమెరికాలో ఛార్లెస్ హాల్, ఫ్రాన్స్‌లో పాల్ ఎరూ ఎవరికి వారుగా ఒకే పద్ధతి కనిపెట్టడంతో వంటింటికి దిగొచ్చింది. ఇద్దరూ 1863లోనే పుట్టారు, 1914లోనే పోయారు. ఇంత చక్కటి కాకతాళీయం దొరికితే ఏ చరిత్రకారుడు మాత్రం వదులుకుంటాడు?

నా పేచీ అంతా ఆ 1886తోనే. హాల్, ఎరూ చేసింది చివరి మెట్టు: అల్యూమినాని కరిగిన క్రయొలైట్‌లో కలిపి, 950 డిగ్రీల ప్రాంతంలో కరెంటు పంపిస్తే అడుగున లోహం చేరుతుంది. ఆ అల్యూమినా బాక్సైట్‌లోంచి రావాలి. టన్ను లోహానికి సుమారు రెండు టన్నుల అల్యూమినా, దానికోసం నాలుగైదు టన్నుల బాక్సైట్, పైన 13 వేల నుంచి 15 వేల యూనిట్ల కరెంటు. అంటే ఒక కొండ, ఒక నది కలిస్తే గానీ ఒక గిన్నె లేదు. పేటెంటు తేదీ నుంచి కథ ఎత్తుకుంటే కొండ, నది రెండూ ముడిసరుకుల పట్టికలో రెండు వరసలైపోతాయి.

జార్జ్ డేవిడ్ స్మిత్ 1988లో ప్రచురించిన 'ఫ్రమ్ మోనోపలీ టు కాంపిటీషన్' చూడండి. ఆల్కోవా కంపెనీ వందేళ్ళ చరిత్ర. పుస్తకం బాగుంటుంది, అబద్ధం ఎందుకు. 1937లో అమెరికా ప్రభుత్వం వేసిన గుత్తాధిపత్యం కేసు, 1945లో జడ్జి లర్నెడ్ హాండ్ తీర్పు, యుద్ధకాలంలో ప్రభుత్వం కట్టిన ఫ్యాక్టరీలు రేనాల్డ్స్, కైజర్ కంపెనీల చేతికి పోవడం, ఇదంతా కోర్టు డ్రామాలా చదివిస్తుంది. కానీ ఆ పుస్తకంలో బాక్సైట్‌కి ఉన్న ఏకైక సమస్య అది సరిపడా దొరుకుతుందా లేదా అన్నదే.

స్మిత్‌ని తప్పుబట్టడం నా ఉద్దేశం కాదు. ఆయన చేతికి దొరికిన కాగితాలు అవి. మా వృత్తిలో సర్వర్ పడిపోతే లాగ్‌లో ఏముందో అదే జరిగిందనుకుంటాం, లాగ్ రాయని మాడ్యూల్ మీద అనుమానం కూడా రాదు. పరిశ్రమల చరిత్రదీ అదే తంతు. పారిస్‌లో అల్యూమినియం చరిత్ర కోసమే ఒక సంస్థ ఉంది, 1986లో పెషినే కంపెనీ చొరవతో పెట్టారు. మన పక్కనే కోరాపుట్ జిల్లా దామన్‌జోడిలో నాల్కో శుద్ధి కర్మాగారానికి సాంకేతిక పరిజ్ఞానం ఇచ్చిన పెషినేయే ఇది. లోహం చేసిన కంపెనీ తన కాగితాలు దాచుకుంది, పరిశోధకులకి తెరిచింది, మంచిదే. మరి బాక్సైట్ ఇచ్చిన పంచపట్మాలి కొండకి అలాంటి గది ఎక్కడుంది?

మిమీ షెల్లర్ 'అల్యూమినమ్ డ్రీమ్స్' (2014) ఈ ప్రశ్నకి దగ్గరగా వస్తుంది. విమానాలు, ట్రైలర్లు, పత్రికల్లో రంగురంగుల ప్రకటనలు ఒకవైపు, జమైకా ఎర్రమట్టి గోతులు మరోవైపు పెట్టి, ఒకచోటి తేలిక ఇంకోచోటి బరువు మీద నిలబడిందంటుంది. ఆలోచన గొప్పది. ప్రకటనల మీద ఆమె రాసిన పేజీలు మళ్ళీ చదివాను కూడా. గనుల దగ్గరకొచ్చేసరికి మాత్రం తర్వాతి ఫ్లైట్ ఉన్నట్టు హడావిడి పడుతుంది.

నేను ఆగిపోయింది ఫెలిక్స్ పాడెల్, సమరేంద్ర దాస్ రాసిన 'అవుట్ ఆఫ్ దిస్ ఎర్త్' (2010) దగ్గర. ఇది ఒడిశా కొండల మీద నుంచి రాసిన పుస్తకం. ఇందులో నన్ను పట్టేసింది రాయి గురించిన భాగం. తూర్పు కనుమల్లో బాక్సైట్ పొరకి మూలమైన శిలని ఖొండలైట్ అంటారు. పేరు చూసి మన 'కొండ'లోంచి వచ్చిందేమో అనుకుని కాసేపు మురిసిపోయాను. ఖోందు ఆదివాసుల పేరు అది. వాళ్ళ పేరు రాయికి పెట్టి, ఆ రాయి పైపొర ఎవరికి చెందాలో మాత్రం వేరేవాళ్ళు తేల్చారన్నమాట. ఆ పైపొర చేసే పని గురించి రచయితలు చెప్పింది ఇంకా ముఖ్యం. బాక్సైట్ టోపీ వానాకాలంలో నీళ్ళని స్పాంజిలా పీల్చుకుని, ఏడాది పొడుగునా ఊటలుగా వదులుతుంది. టోపీ తీసేస్తే ఊట ఎండిపోతుంది. కంపెనీ లెక్కలో 'నిక్షేపం' అనేది ఊరి లెక్కలో మంచినీళ్ళ ట్యాంకు. ఈ ఒక్క వివరం తెలిశాక, కొండ ఊరికే పడి ఉందన్నట్టు రాసిన చరిత్రలన్నీ నాకు వేరేగా కనిపించాయి.

అలాగని పుస్తకాన్ని నెత్తిన పెట్టుకోలేను. ఉపశీర్షికలోనే 'అల్యూమినియం కార్టెల్' ఉంది. లోపల కూడా ఆ మాట ప్రతి తలుపుకీ తాళంచెవి అయిపోతుంది. ధర ఎందుకిలా, డ్యామ్ ఎందుకలా, అన్నిటికీ కార్టెలే జవాబు. మార్కో బెర్తిలొరెంజి 2016 నాటి పుస్తకం ఈ కార్టెల్ కాగితాల్నే తవ్వింది. 1901లో మొదటి ఒప్పందం, 1908లో అది కూలిపోవడం, 1912లో మళ్ళీ అతుకు, 1926లో మరొకటి, 1931లో బాసెల్‌లో ఏకంగా ఒక ఉమ్మడి కంపెనీ. ఒకళ్ళనొకళ్ళు నమ్మని మనుషులు మళ్ళీ మళ్ళీ ఒకే బల్ల చుట్టూ కూర్చున్న కథ ఇది. శత్రువు ఎప్పుడూ ఒక్కటై ఉండడని తెలియడం కొండమీది వాళ్ళకి కూడా అవసరమే కదా. పాడెల్, దాస్‌ల కోపం నాకు అర్థమవుతుంది. 2000 డిసెంబరులో కాశీపూర్ ప్రాంతంలోని మైకంచ్‌లో పోలీసు కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు, దాని గురించి రాసేవాళ్ళు చల్లగా రాయాలని నేననను. కానీ కోపం వివరణకి ప్రత్యామ్నాయం కాదు.

ఈ కొండలు రాష్ట్ర సరిహద్దు దగ్గర ఆగవు. ఇటువైపు అనంతగిరి, చింతపల్లి. ఇటువైపు కథకి కాగితాలు బాగానే ఉన్నాయి: షెడ్యూల్డు ప్రాంతాల్లో ప్రభుత్వ భూమిని ప్రైవేటు కంపెనీలకి లీజుకివ్వడం కుదరదన్న 1997 సమత తీర్పు, చింతపల్లి వైపు అడవిని ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థకి ఇస్తూ 2015 నవంబరులో వచ్చిన 97 నంబరు జీవో, దాని మీద ఏజెన్సీలో రేగిన గొడవ, 2019లో లీజుల రద్దు. జీవో అంటే మనకి చిరాకు గానీ, 1212 హెక్టార్లు అన్న అంకె కింద ఏ ఊళ్ళున్నాయో వెతకడం మొదలుపెడితే అదే ఆర్కైవ్.

నియమగిరి విషయంలో ఇంకో సంగతి జరిగింది. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, తవ్వాలో వద్దో చెప్పాల్సింది గ్రామసభలే అంది. జులై, ఆగస్టు నెలల్లో 12 ఊళ్ళలో, న్యాయాధికారి సమక్షంలో సభలు పెట్టారు. పన్నెండూ వద్దన్నాయి. డొంగ్రియా ఖోందులు కొండ గురించి, ఊటల గురించి, నియమరాజు గురించి చెప్పింది అధికారిక రికార్డుకెక్కింది. పాడెల్, దాస్‌ల పుస్తకం అప్పటికే వచ్చేసింది కాబట్టి అవి అందులో లేవు. ఇకముందు ఈ చరిత్ర రాయబోయేవాళ్ళ బల్ల మీద పారిస్, పిట్స్‌బర్గ్ ఫైళ్ళ పక్కన ఆ పన్నెండు తీర్మానాలు కూడా ఉంటాయి.