తెగిన మట్టిని అతికేవాళ్ళు

సముద్రం అడుగున బోరు వేసి, తొమ్మిదిన్నర మీటర్లకు ఒకటి చొప్పున స్తంభాల్లాంటి మట్టి కోర్లు తీస్తారు. ఎంత జాగ్రత్త పడ్డా ఒక కోర్‌కీ దాని కింది కోర్‌కీ నడుమ కాస్త మట్టి తప్పిపోతుంది. పైన ఓడ అలల మీద ఊగుతోంది మరి. అందుకే పక్కనే రెండో బోరు, మూడో బోరు. 2014 చివర్లో రుతుపవనాల గతం వెతుకుతూ జోయిడెస్ రిజల్యూషన్ అనే డ్రిల్లింగ్ ఓడ బంగాళాఖాతానికి వచ్చినప్పుడు మహానది ఎదుట చేసిందీ ఇదే. నా మెప్పంతా ఆ బోర్లను జతకలిపే మనిషికి. కోర్ డెక్కు మీదికి రాగానే, ఇంకా నిలువునా కోయకముందే, సెన్సర్ల గుండా పోనిస్తారు. మట్టి అయస్కాంత గుణం తెర మీద ఎగుడుదిగుడు గీతగా సాగుతుంది. ఒక బోరు గీతను ఇంకోదాని పక్కన పెట్టి, పైకీ కిందికీ జరుపుతూ, అదే జంట శిఖరం ఎక్కడ కలిసిందో పట్టాలి. పాత పడుగుకు కొత్త పోగులు అతికే నేతగాడి ఓర్పు కావాలి. పైగా తీరిక ఉండదు: మొదటి బోరులో తెగిన చోటు రెండోదాంట్లోనూ తెగేలా ఉంటే, తర్వాతి కోర్ ఎంత జరిపి తియ్యాలో డ్రిల్లర్‌కి వెంటనే చెప్పాలి. కోర్ పైకొసను సులువుగా నమ్మరు, బోరు గోడలనుంచి రాలిన మట్టి చేరేది అక్కడే. మంచి ముక్కలు ఏరి ఒక పట్టికగా వరస కడితే, ఆ వరస లోతు డ్రిల్లర్ లెక్కకన్నా తరచు పదోవంతు ఎక్కువ తేలుతుంది. ఆ మహానది కోర్లు ఇప్పుడు జపాన్‌లోని కోచిలో ఉన్నాయి. నమూనా కావాల్సినవాళ్ళకు ఏ బోరులో, ఏ కోర్‌లో, ఏ సెంటీమీటరు దగ్గర ఆగి పక్క బోరుకు మారాలో ఆ పట్టికే చెబుతుంది.