ఒక రోజు, ఒక దశాబ్దం: రెండు నవలల్లో ఉస్మానియా విద్యార్థి జీవితం

నవీన్ 'అంపశయ్య' (1969) ప్రస్తావన వచ్చినప్పుడల్లా తెలుగు విమర్శ మొదట చైతన్యస్రవంతి శిల్పం గురించే మాట్లాడుతుంది. జేమ్స్ జాయిస్ 'యులిసిస్'తో పోలిక, ఒక్క రోజుకు పరిమితమైన కథాకాలం, గోపీచంద్, బుచ్చిబాబుల తరువాత తెలుగు నవలలో మనోవిశ్లేషణ అందుకున్న కొత్త దశ మొదలైనవి పాఠ్యగ్రంథాల్లో స్థిరపడిపోయిన అంశాలు. వీటిలో తప్పు లేదు. కాని శిల్పంపై చూపిన ఈ శ్రద్ధ వల్ల ఒక ప్రశ్న వెనుకబడింది. ఆ చైతన్యం ప్రవహించిన చోటు ఏది? అది ఉస్మానియా విశ్వవిద్యాలయ హాస్టల్. ఆ చోటును కేవలం నేపథ్యంగా భావించి ముందుకు సాగడం వల్ల శిల్పాన్ని కూడా సగమే అర్థం చేసుకున్నట్లవుతుంది.

నవలానాయకుడు రవి పల్లెటూరి పేద కుటుంబం నుండి వచ్చిన పోస్టుగ్రాడ్యుయేట్ విద్యార్థి. ఉదయం మేల్కొన్నది మొదలు రాత్రి వరకు అతని మనసులో మెదిలే ఊహలు, జ్ఞాపకాలు, భయాలు నవలకు ఇతివృత్తం. డబ్బు కొరత, పరీక్షల బెంగ, స్త్రీ సాన్నిహిత్యం కోసం ఆరాటం అతణ్ణి విడవకుండా వెంటాడుతాయి. ఇదే శిల్పంతో ఒక రైతు దినచర్యను రాస్తే ఏమవుతుంది? నాగలి, ఎద్దు, ఇంటి మనుషులు అడుగడుగునా ఆలోచనకు అడ్డుపడతారు. హాస్టల్ విద్యార్థికి ఆ అడ్డంకులు లేవు. వందలమంది నడుమ ఉంటూనే అతను ఒంటరి. అతని రోజులో చేతికి పని తక్కువ, మనసుకు తీరిక ఎక్కువ. అయితే ఆ తీరిక ఉచితం కాదు. గది అద్దె, మెస్ బిల్లు, ఫీజు అన్నీ ఎక్కడో ఊళ్ళో ఉన్న మరొకరి కష్టం నుండి రావలసినవే. సంపాదన లేని విద్యార్థి గడిపే ప్రతి గంటా ఇంకొకరి ఖాతాలో ఖర్చుగా పడుతుంది. చదవకుండా గడిచిన గంట దొంగిలించినదానితో సమానం.

రవి ఆలోచనలు క్షణం తీరిక లేకుండా తమ్ము తాము విచారించుకోవడానికి కారణం ఇక్కడ ఉంది. స్రవంతి పేరుతో పాఠకుడు చదువుతున్నది నిజానికి ఒక పద్దుపుస్తకం. ఎంత కాలం పోయింది, ఎంత మిగిలింది, ఎవరికి ఎంత బాకీ అన్న లెక్క అది. కోరిక కలిగిన మరుక్షణం అపరాధభావం కలగడాన్ని మనస్తత్వశాస్త్ర పరిభాషలో వివరించే ప్రయత్నాలు సాగాయి. వాటికంటె అప్పు అన్న చిన్న మాట ఆ అపరాధభావాన్ని సూటిగా పట్టిస్తుంది. నవీన్ ఉస్మానియాలోనే అర్థశాస్త్రం అభ్యసించి, ఆ శాస్త్రాన్ని బోధించినవారు. రవి మనసులోని జమాఖర్చులను ఈ సంగతితో ముడిపెట్టనవసరం లేదు, మరచిపోనవసరమూ లేదు.

ఈ హాస్టల్‌కు నవలకు ముందే ఒక చరిత్ర ఉంది. 1918లో ఉర్దూ మాధ్యమంతో ప్రారంభమైన విశ్వవిద్యాలయం ఇది. 1938లో హాస్టల్ ప్రార్థనామందిరాల్లో వందేమాతర గీతాలాపనను అధికారులు నిషేధించగా, ధిక్కరించిన విద్యార్థులు బహిష్కృతులయ్యారు. వారిలో పలువురు నాగపూర్ వెళ్ళి చదువు కొనసాగించారు. ఆ మరుసటి ఏడాది, 1939లో, ఆర్ట్స్ కళాశాల భవనం ప్రారంభమైంది. 1948 తరువాత బోధన ఇంగ్లీషుకు మారింది. అంటే రవి తరం విద్యార్థి అడుగుపెట్టేనాటికి ఆ రాతి కట్టడం నిజాం వైభవానికీ, విద్యార్థి ధిక్కారానికీ, కొత్తగా వచ్చిపడిన ఇంగ్లీషు చదువుకూ ఏకకాలంలో గుర్తు. 'అంపశయ్య' కథనం ప్రధానంగా శిష్టవ్యావహారికంలో, ఇంగ్లీషు పదాల కలయికతో నడవడాన్ని ఈ వెలుగులో చూడాలి. తెలంగాణ పల్లె నుండి వచ్చిన యువకుని అంతరంగం తన ఇంటి నుడిలో కాక ప్రాంగణపు భాషలో ఆలోచిస్తుంది. ఇది రచయిత పరిమితి అని కొందరికి తోచవచ్చు. హాస్టల్ అతని నాలుకతోపాటు ఆలోచననూ మార్చివేసిందనడానికి నిదర్శనంగా తీసుకోవడమే సమంజసం.

నవల పేరుపై జరగవలసినంత చర్చ జరగలేదు. భీష్ముడు ఇచ్ఛామరణ వరం ఉన్నవాడు. ఉత్తరాయణం కోసం తానే ఎంచుకొని వేచి ఉన్నాడు. అతని శయ్య చుట్టూ వినేవారున్నారు. శాంతి, ఆనుశాసనిక పర్వాల ధర్మబోధ అక్కడే వెలువడింది. హాస్టల్ మంచంపైని రవికి ఆ వరమూ లేదు, ఆ శ్రోతలూ లేరు. అతను వేచి ఉన్నది పరీక్షా ఫలితానికి, ఆ తరువాతి ఉద్యోగానికి. ఆ ఉత్తరాయణం ఎప్పుడు వస్తుందో నిర్ణయించేది ఇతరులు. బాణాల బాధ ఒక్కటే సామ్యమనుకుంటే పేరులోని వ్యంగ్యం జారిపోతుంది.

నవల వెలువడిన 1969లోనే ఉస్మానియా విద్యార్థులు ప్రత్యేక తెలంగాణ ఉద్యమానికి కేంద్రమయ్యారు. రవి గడిపిన రోజు ఆ ఉద్యమానికి ముందటిది. అతనిలో సిగ్గుగా, ఒంటరి బెంగగా ఉన్న నిరుద్యోగ భయమే కొద్దికాలంలో వీథుల్లో నినాదమైంది. ఉద్యమాన్ని ప్రత్యక్షంగా చిత్రించకపోయినా, దానికి ముందరి నిశ్శబ్దం ఎలా ఉండేదో ఈ నవల నమోదు చేసింది.

వడ్డెర చండీదాస్ 'అనుక్షణికం' ఇదే ప్రాంగణాన్ని మరో కొలతతో చూసింది. ఆంధ్రజ్యోతి వారపత్రికలో ధారావాహికగా వచ్చిన ఈ నవలకు కథాకాలం 1970ల దశాబ్దం. తిరుపతిలో తత్త్వశాస్త్రం బోధించిన రచయిత హైదరాబాదు విద్యార్థులను, వారి రాజకీయాలను, ప్రేమలను, పతనాలను లెక్కకు మిక్కిలి పాత్రలతో పరిచారు. 1972 ఏప్రిల్ 14న జార్జిరెడ్డి హత్య ఈ ప్రాంగణంలోనే జరిగింది. 1975లో అత్యవసర పరిస్థితి వచ్చింది. ఇటువంటి దశాబ్దాన్ని ఒక్క మనసులో ఇమడ్చడం సాధ్యం కాదు. అందుకే ఇక్కడ స్రవంతి లేదు. తునకలుగా కదిలే జనసమూహం ఉంది.

ఈ రెండింటినీ వ్యక్తి నుండి సమాజానికి సాగిన పరిణామంగా వర్ణించడం సులువు. ఆ సులువును అనుమానించాలి. పాత్రలు పెరిగేకొద్దీ ఒక్కొక్క గదికి దక్కే పుటలు తగ్గుతాయి. ఆకలిని, బాకీని గంట గంటకూ అనుభవించే రవి వంటి విద్యార్థి అంత పెద్ద కాన్వాసుపై అనేకులలో ఒకడవుతాడు. దశాబ్దపు చరిత్ర దొరికిన చోట ఒక రోజు బరువు జారిపోతుంది. లాభనష్టాలు రెండు వైపులా ఉన్నాయి.

స్త్రీల విషయంలో మాత్రం తూకం స్పష్టంగా 'అనుక్షణికం' వైపే మొగ్గుతుంది. 'అంపశయ్య'లో అంతా రవి చైతన్యం గుండానే కనిపిస్తుంది కనుక, విద్యార్థినులు అతని కోరికకూ భయానికీ ప్రతిబింబాలుగా మిగిలిపోయారు. వారికీ ఫీజులు, బాకీలు, ఇంటి నుండి వచ్చే ఉత్తరాలు ఉంటాయన్న స్పృహ శిల్పంలోనే మూసుకుపోయింది. దీన్ని పాత్ర దృష్టి అని సమర్థించవచ్చు. అయినా ఆ దృష్టిని నవల ఎక్కడ ప్రశ్నించిందో చూపలేకపోతే ఆ సమర్థన నిలవదు. చండీదాస్ స్వప్నరాగలీన పేరులోనే ఆదర్శీకరణ ఉన్నది నిజమే. కాని ఆమె ఒకరి చూపులోని వస్తువుగా కాక, తనదైన ఎంపిక ఉన్న వ్యక్తిగా నవలలో నిలబడింది. రవి కథను నవీన్ 'ముళ్ళపొదలు', 'అంతస్స్రవంతి' నవలల్లో కొనసాగించారు. ఆ నవలాత్రయాన్ని మళ్ళీ చదివేవారు రవి ఎటు వెళ్ళాడన్నదానితోపాటు, అదే సంవత్సరాల్లో అదే ఆర్ట్స్ కళాశాల మెట్లు దిగిన విద్యార్థిని ఎటు వెళ్ళిందన్నదీ వెతకవలసి ఉంది.