కల్పించకుండా కథ చెప్పడం

1946 ఆగస్టు 31 నాటి ‘న్యూయార్కర్’ పత్రిక మామూలు శీర్షికలు దాదాపు అన్నీ పక్కనపెట్టి ఒకే ఒక్క రచన ప్రచురించింది. జాన్ హెర్సీ రాసిన ‘హిరోషిమా’ అది. అణుబాంబు పడ్డాక బతికి బయటపడ్డ ఆరుగురి కథ. హెర్సీ దాన్ని బాంబు శక్తితోనో, మృతుల లెక్కతోనో మొదలుపెట్టలేదు. ఉదయం 8.15కి, ఒక తగరపు కంపెనీలో గుమాస్తాగా పనిచేసే యువతి పక్క సీటు అమ్మాయితో మాట్లాడదామని తల తిప్పిన క్షణాన్ని మొదట్లోనే మన కళ్లముందు పెట్టాడు. మరుక్షణం వెనకున్న పుస్తకాల అరలు ఆమె మీద కూలాయి. బాంబు అంటే ఏమిటో పాఠకుడికి అక్కడ తెలిసొస్తుంది.

జపాన్‌కు వెళ్తూ ఓడలో జబ్బుపడ్డప్పుడు హెర్సీ థార్న్‌టన్ వైల్డర్ నవల ‘ద బ్రిడ్జ్ ఆఫ్ సాన్ లూయీ రే’ చదివాడు. వంతెన కూలి చనిపోయిన ఐదుగురి జీవితాలను ఒక్కచోటికి తెచ్చిన నవల అది. ఆ ఎత్తుగడను తీసుకుని, కల్పన ఉన్న చోట బాధితుల నోట విన్న నిజాలు నింపాడు. అమెరికా, బ్రిటన్ విశ్వవిద్యాలయాల్లో ఇప్పుడు క్రియేటివ్ నాన్‌ఫిక్షన్ పేరుతో పీజీ స్థాయిలో నేర్పుతున్నది ఈ విద్యనే. కట్టడం నవలది, సరుకు మాత్రం వాస్తవానిది.

అయోవా విశ్వవిద్యాలయంలో రైటర్స్ వర్క్‌షాప్ 1936లోనే మొదలైంది. నాన్‌ఫిక్షన్‌కు అక్కడ తర్వాత విడిగా ఎం.ఎఫ్.ఏ. (మాస్టర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్) కోర్సు ఏర్పడింది. పిట్స్‌బర్గ్‌లో పాఠాలు చెప్పిన లీ గట్కిండ్ 1993లో ‘క్రియేటివ్ నాన్‌ఫిక్షన్’ అనే పత్రికే పెట్టాడు. బ్రిటన్‌లో ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయం 1970లో క్రియేటివ్ రైటింగ్ ఎం.ఏ. ప్రారంభించింది. జీవితచరిత్రకూ నాన్‌ఫిక్షన్‌కూ అక్కడా తర్వాత ప్రత్యేక కోర్సు వచ్చింది.

ఈ చదువుకు గుండెకాయ వర్క్‌షాప్. విద్యార్థి తన చిత్తుప్రతిని ముందుగానే అందరికీ పంచుతాడు. తరగతిలో తోటివాళ్లు దాన్ని చర్చిస్తుంటే సాధారణంగా తను నోరు మెదపకుండా వింటాడు. ఒకమ్మాయి అరవై ఏళ్ల కిందటి అమ్మమ్మ పెళ్లి గురించి రాసిందనుకుందాం. ‘ఆ రోజు జోరున వాన, అమ్మమ్మ బెదిరిపోయింది’ అని ఉంది. వాన సంగతి ఎవరు చెప్పారు? బెదిరిందని నీకెలా తెలుసు? అని తోటివాళ్లు అడుగుతారు. ఆమె మళ్లీ అమ్మమ్మ దగ్గర కూర్చుంటుంది. వాన గుర్తులేదు గానీ, పీటల మీద నిద్ర ముంచుకొచ్చిందనీ, చెప్పులు ఎవరో పట్టుకుపోయారనీ అమ్మమ్మ చెబుతుంది. పెళ్లి ఫొటోలో పెళ్లికూతురి కళ్లు నిజంగానే మూతలు పడుతున్నాయి. రెండో ప్రతిలో వాన పోయి నిద్ర వచ్చింది. ఇక తెలియని చోట ‘అయి ఉండొచ్చు’ అని పాఠకుడికి చెప్పేస్తుంది. ఊహను దాచకుండా ఊహగానే చూపడం కూడా ఈ విద్యలో ఒక మెళకువ.

మరో మెళకువ నిర్మాణం. రచయిత జాన్ మెక్‌ఫీ తన నోట్సును కార్డులుగా విడగొట్టి, వాటిని మార్చి మార్చి పేర్చుకుంటూ కథనం ఎటు నడవాలో తేల్చుకునేవాడు. 2017లో వచ్చిన ఆయన పుస్తకం ‘డ్రాఫ్ట్ నంబర్ 4’ ఈ పనిని బొమ్మలు గీసి మరీ చూపిస్తుంది. మూడోది ‘నేను’. జరిగిన సంఘటన వేరు, దాన్నుంచి రచయిత తేల్చుకున్నది వేరని రచయిత్రి వివియన్ గోర్నిక్ ‘ద సిట్యుయేషన్ అండ్ ద స్టోరీ’లో విడమరిచింది. ఆత్మకథ రాసేవాడు తన అనుభవాలన్నీ కుమ్మరిస్తే చాలదు. ఈ కథ చెప్పడానికి తనలోని ఏ మనిషి తగినవాడో ఎంచుకోవాలి.

నిజం విషయంలో ఈ రంగంలోనే గొడవ ఉంది. అయోవాలో పాఠాలు చెప్పిన జాన్ డగాటా లాస్ వేగస్ మీద రాసిన వ్యాసంలో స్ట్రిప్ క్లబ్బులు 34 అన్నాడు. వాస్తవాలు సరిచూసే జిమ్ ఫింగల్‌కు లెక్కలో 31 కనిపించాయి. వాక్యం నడకకు 34 బాగుంటుందన్నది డగాటా వాదన. ఈ తగవే 2012లో ‘ద లైఫ్‌స్పాన్ ఆఫ్ ఎ ఫ్యాక్ట్’ అనే పుస్తకమైంది. నేను ఫింగల్ పక్షం. 31తో అందమైన వాక్యం రాయలేకపోతే వాక్యాన్ని మార్చాలి, అంకెను కాదు. కల్పించే వీలు లేదన్న నియమమే రచయితను మళ్లీ మనుషుల దగ్గరికీ, రికార్డుల దగ్గరికీ పంపుతుంది. తను ఊహించలేని వివరం దొరికేది అక్కడే.

ఈ విద్య తెలుగువాళ్ల బతుకులకు ఎంత పనికొస్తుందో ఇప్పటికే రుజువైంది. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీల అనుభవాలను వాళ్ల మాటల్లోనే నిలబెట్టింది. భౌతికశాస్త్రం చదివి, న్యూయార్క్ సబ్‌వేలో కండక్టరుగా పనిచేసిన సుజాత గిడ్ల 2017లో ఇంగ్లిష్‌లో ‘యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్’ రాశారు. అమ్మనూ, మామయ్య కె.జి. సత్యమూర్తినీ అడిగి అడిగి రాబట్టిన సంగతులతో ఒక దళిత కుటుంబ చరిత్రను నవలలా చదివించారు.

మన దగ్గర సాహిత్యం తెలుగు శాఖ చూసుకుంటుంది, వార్త రాయడం జర్నలిజం శాఖ నేర్పుతుంది. ఈ రెండూ కలిసే చోట ఒక పీజీ కోర్సు పెట్టుకోవాలి. వలస వెళ్లిన పాలమూరు కూలీ గురించో, మగ్గం వదిలేసిన నేతగాడి గురించో మనకు కథలున్నాయి, వార్తలున్నాయి. ఏడాదిపాటు వాళ్లతో తిరిగి, ప్రతి మాటా సరిచూసుకుని, కథలా చదివించే పుస్తకాలు ఇంకా చాలా రావాలి. అలా రాయడం నేర్పితే వచ్చేదే. కాబట్టి నేర్పాలి.