యేట్సు ప్రశ్నము: నిమిత్తమా, మూలమా?

కవిటి మొదలగు తీరగ్రామముల సీమకు ఉద్దానమని పేరు. ఈ పదము ఉద్యానశబ్దభవమని లోకప్రసిద్ధి. కొబ్బరి, జీడిమామిడి, పనస తోఁటలతో నిండిన నేల గావున అర్థము చక్కఁగాఁ బొసఁగుచున్నది, చిక్కు రూపమునందే. వరరుచి ననుసరించినచో ద్యకారమునకు జ్జకారము రావలయును. ప్రాకృతమున ఉజ్జాణమనియే కలదు. అయినను దెనుఁగువారు విద్యను విద్దె యనియుఁ, బద్యమును బద్దెమనియుఁ బలికిరి. ఆ త్రోవనే ఉద్దానమును వచ్చినదనుట యుక్తము. దీనిని మరల ఉద్యానమని దిద్దఁబూనిన పండితుఁడు లేఁడు. జనుల నాలుక చేసిన యిట్టి మార్పును మాఱుపలుకక యంగీకరించిన పండితలోకమే, ఇరువదవ శతాబ్ది మొదట నొక చిన్న ప్రశ్నమునకుఁ గలఁతపడినది.

1907 ప్రాంతమున ఉత్తరసర్కారుల పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా నున్న జె. ఏ. యేట్సు, జనులు మాటలాడు తెనుఁగునకును బుస్తకముల తెనుఁగునకును ఇంత భేదమేల యని యడిగెను. విశాఖపట్టణమున మిసెస్ ఏ. వి. ఎన్. కళాశాలాధ్యక్షులగు పి. టి. శ్రీనివాసయ్యంగారు, ఇందులకు సమాధానము చెప్పఁగలవారు గురజాడ అప్పారావు, గిడుగు రామమూర్తి గారలని చూపిరి. పరభాషను నేర్చువానికిఁ గలుగు సహజసందేహ మిది. దీనివలన 1914లో గురజాడవారి అసమ్మతిపత్రమును, 1919లో గిడుగువారి 'తెలుగు' పత్రికయు వెలువడునని నాఁడు తలఁచినవారు లేరు.

కావుననే యుద్యమమునకు యేట్సు ప్రశ్నమే మూలమని పలువురు వ్రాయుదురు. ఇది కారణభేదమును విచారింపని మాట. కుండకు దండము నిమిత్తమాత్రము, మన్ను వేఱు. ఆ మన్ను పర్లాకిమిడిలో నంతకుముందే సిద్ధమై యుండెను. గిడుగువారు సవరభాష నేర్వఁదలఁచినప్పుడు చూచుటకు గ్రంథము లేదు, అడుగుటకు వ్యాకర్త లేఁడు. రెండుభాషలు నెఱిఁగినవాని నింట నుంచుకొని, వాని నోటినుండియే నేర్చిరి. వక్తయే ప్రమాణమని యట్లు తెలిసినవారికి యేట్సు సందేహము వింతగాఁ దోఁపఁజాలదు. ఆ ప్రశ్నమే సవర యెఱుఁగని పండితు నొద్దకుఁ బోయియుండినచో నొక చిఱునవ్వుతో ముగిసియుండును.

ప్రతిపక్షముననున్న యధికారమును జిన్నపనినుండి పుట్టినదే. చిన్నయసూరి 1858లోఁ బ్రకటించినది బాలవ్యాకరణము. పేరే దాని ప్రయోజనమును జెప్పుచున్నది. బాలుర కుద్దేశించిన యా సూత్రములు అర్ధశతాబ్దిలోఁ బ్రౌఢులకుఁ గూడ ధర్మశాస్త్రమయ్యెను! లక్ష్యము ననుసరించి లక్షణ మేర్పడవలయునన్న పతంజలి మతమును బాఠశాలలోఁ జదివినవారే తెనుఁగున దానిని దలక్రిందు చేసిరి. కుండ కావలసినవాఁడు కుమ్మరి యింటికిఁ బోవునుగాని, మాట కావలసినవాఁడు వైయాకరణు నింటికిఁ బోఁడన్న భాష్యకారుని యభిప్రాయము గిడుగువారికే యెక్కువ తోడ్పడును.

అంతమాత్రమున వారి వాదమంతయు నిర్దుష్టము కాదు. 'ఆంధ్రపండితభిషక్కుల భాషాభేషజము'న (1933) గ్రాంథికవాదుల వ్రాఁతలలోని స్ఖాలిత్యములను వారు విరివిగాఁ జూపిరి. చదువరికి వినోదమే, కాని ప్రయోక్త తప్పుట లక్షణమునకు దోషము కానేరదు. ఆ గ్రంథముకంటె, పూర్వకావ్యములనుండియే ప్రయోగములను జూపి సూత్రముల యవ్యాప్తిని నిరూపించిన భాగములు బలవత్తరములు.

విచిత్రమేమనఁగా, వ్యావహారికమును నిలుపుటకుఁ బుట్టిన వాదము ప్రాచీనగ్రంథములకే మేలు చేసినది. 1911లో జయంతి రామయ్యపంతులుగారి పూనికతో నేర్పడిన ఆంధ్రసాహిత్యపరిషత్తు తాళపత్రప్రతులను సేకరించెను. సూర్యరాయాంధ్రనిఘంటువు నెనిమిది సంపుటములుగా వెలువరించెను. ప్రయోగము చూపుమని యొకరి నొకరు నిలఁదీయుటచేత నుభయులును మూలప్రతులనే యాశ్రయింపవలసివచ్చెను.

ఇంకొక ఫలము గిడుగువారును ఊహింపనిది. నేఁటి పాఠ్యపుస్తకములలో గ్రాంథికము తొలఁగి శిష్టవ్యావహారికము నిలిచినది. కాని యది కృష్ణాగోదావరీమండలముల పలుకుబడికే దగ్గఱ. కవిటి బాలుఁడు ఇంట 'ఏటి' యని యడుగును; పుస్తకమున 'ఏమిటి' యని యుండును. ఇంట 'వచ్చినాడు' అనును. పుస్తకమున 'వచ్చాడు' అని చదువును. ఆ 'వచ్చినాడు' అరసున్నతోఁ బూర్వకావ్యములఁ గానవచ్చు రూపమే. గ్రాంథికమును దోలిన పుస్తకము, గ్రాంథికమునకు సన్నిహితమైన యీ యింటిమాటను గూడఁ దప్పని దిద్దించుచున్నది. గిడుగువారు శ్రీకాకుళముచెంత పర్వతాలపేటలోఁ బుట్టినవారు. యేట్సు వేసిన ప్రశ్నమును నేఁడు వేయవలసినవాఁడు ఉద్దానపు బడిలోని గుంటఁడు.