ఇంటిదొంగ అని తేల్చేముందు

‘మన డి.ఎన్.ఎ.లో దాగిన ప్రాచీన వైరస్‌లే మన రోగాలకు మూలం!’ ఇలాంటి శీర్షికలు మీరు చూసే ఉంటారు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న సామెత గుర్తొచ్చి, వెంటనే నమ్మబుద్ధేస్తుంది. అందుకే ఇలాంటి రచనలను నిదానంగా చదవాలి.

వీటిలో నిజం లేకపోలేదు. హెచ్.ఐ.వి. వంటి రెట్రోవైరస్‌లు తమ ఆర్.ఎన్.ఎ.ను డి.ఎన్.ఎ.గా మార్చి, మన కణాల డి.ఎన్.ఎ.లో కలిపేస్తాయి. అందుకు తోడ్పడే ఎంజైమును 1970లో టెమిన్, బాల్టిమోర్ విడివిడిగా కనుగొన్నారు. కోట్ల ఏళ్ల క్రితం ఇటువంటి వైరస్‌లు మన పూర్వీకుల బీజకణాల్లో చేరి, తరతరాలుగా సంక్రమించాయి. వాటి అవశేషాలు మన జీనోమ్‌లో సుమారు 8 శాతం.

చిక్కంతా ఆ తరువాతి మాటతోనే. మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో రోగనిరోధక వ్యవస్థ మన నాడీతంతువుల తొడుగునే దెబ్బతీస్తుంది. ఈ రోగుల మెదడులో ‘హెర్వ్-డబ్ల్యు’ అనే అవశేషం తాలూకు ప్రోటీన్ కనిపించింది. శీర్షికలు అక్కడే తీర్పు చెప్పేస్తాయి. కానీ కప్పలు అరిచిన రాత్రి వాన కురిస్తే, ఆ వానను కప్పలే కురిపించాయంటామా? వాపు వల్ల కూడా నిద్రాణమైన ఈ జన్యువులు మేలుకోవచ్చు. అంటే ఆ ప్రోటీన్ రోగానికి కారణం కావచ్చు, ఫలితమూ కావచ్చు.

తేల్చుకోవాలంటే పరీక్షించాలి. ఆ ప్రోటీన్‌ను అడ్డుకునే టెమెలిమాబ్‌ను 270 మంది రోగులపై ప్రయోగించారు. 2022లో వెలువడిన ఫలితాల్లో, మెదడులో తాజా మచ్చలను తగ్గించాలన్న ప్రధాన లక్ష్యం నెరవేరలేదు. మెదడు క్షీణత కొంత నెమ్మదించిన సూచనలు మాత్రం కనిపించాయి. అదే ఏడాది, కోటిమంది అమెరికా సైనికుల వివరాలను పరిశీలించిన మరో అధ్యయనం వెలువడింది. బయటినుంచి సోకే ఎప్‌స్టీన్-బార్ వైరస్ ఈ వ్యాధి ముప్పును 32 రెట్లు పెంచుతుందని అది తేల్చింది.

పైగా ఈ ‘దొంగ’ మేలూ చేసింది. తల్లి గర్భంలో మావి రూపొందడానికి తోడ్పడే సిన్సిటిన్ ప్రోటీన్ ఈ హెర్వ్-డబ్ల్యు కుటుంబపు జన్యువు నుంచే వచ్చింది. శీర్షికల్లో దీని ఊసే ఉండదు!

‘సంబంధం ఉంది’ అన్నదాన్ని ‘కారణం’ అని అనువదించడం ఒకప్పుడు నాకూ చిన్న విషయంగానే తోచింది. కానీ ‘పుట్టుకతో వచ్చిన వైరస్’ అని చదివిన రోగి తన తల్లిదండ్రులను నిందించవచ్చు. ఆ ఇంటితో పెళ్లి సంబంధానికి వచ్చినవారు వెనుదిరగవచ్చు. నిజానికి ఆ 8 శాతం మీలోనూ, నాలోనూ ఉంది.

ఇకపై ఇలాంటి శీర్షిక కనబడితే ఒక ప్రశ్న వేయండి: దాన్ని అడ్డుకుంటే రోగం తగ్గిందా? జవాబు వ్యాసంలో లేకపోతే, తీర్పు ఇంకా రాలేదన్నమాట.