‘వృద్ధి’ అనే మాట చాలునా? – నాడీ వృద్ధి కారకం: ఒక పరిశీలన

నాడీ వృద్ధి కారకమనే ప్రొటీన్‌ను గురించిన బోధన చాలావరకు 1986 నోబెల్ బహుమతితో ముగుస్తుంది. ఇటలీలో 1938 నాటి జాతి చట్టాలు యూదులను విశ్వవిద్యాలయాలకు దూరం చేయగా, రీటా లెవీ-మోంటాల్చీనీ ట్యూరిన్‌లో తన పడకగదినే ప్రయోగశాలగా మార్చుకొని కోడి పిండాలపై పరిశోధించింది. తరువాత సెయింట్ లూయిస్‌లో విక్టర్ హాంబర్గర్ వద్ద పనిచేసింది. స్టాన్లీ కోహెన్ అదే కారకాన్ని పాము విషంలోను, ఎలుక లాలాజల గ్రంథులలోను గుర్తించాడు. బహుమతి వీరిద్దరికే దక్కింది. హాంబర్గర్‌కు దక్కకపోవడంపై వాదం నేటికీ ఉన్నది.

ఈ వీరగాథ ఆకర్షణీయమే గాని, ప్రొటీన్ స్వభావాన్ని సగమే చెబుతుంది. గాజుపాత్రలోని నాడీకణాల గుంపు చుట్టూ పరివేషంలా మొలిచిన తంతువులను చూసినవారికి ‘వృద్ధి’ అనే మాట స్ఫురించడం సహజం. వాస్తవానికి పిండదశలో దీని ప్రధాన కార్యం కొన్ని నాడీకణాలను మరణం నుండి కాపాడటం. తెలుగులో చిక్కు మరికొంత ఎక్కువ. రోగానికి ‘క్షయ’ అని పేరు పెట్టుకున్న భాషలో ‘వృద్ధి’ తనంత తానే ఆరోగ్యపక్షాన నిలుస్తుంది.

వయోజన దేహంలో ఈ ప్రొటీన్ నొప్పికి సంకేతవాహకం. కణజాలం వాచినప్పుడు అధికంగా విడుదలై, నొప్పిని గ్రహించే నాడులపై ఉన్న ట్రాక్-ఎ అనే గ్రాహకానికి అతుక్కొని వాటి సున్నితత్వాన్ని పెంచుతుంది. ఆ గ్రాహకపు జన్యువులో లోపంతో పుట్టిన పిల్లలకు నొప్పి తెలియదు, చెమట పట్టదు. నాలుక కొరుక్కున్నా, ఎముక విరిగినా వారికి హెచ్చరిక అందదు. ఈ జన్యులోపం 1996లో వెల్లడైంది. ‘వృద్ధి’ అనే పేరు నుండి ఈ పిల్లల స్థితిని ఊహించగల విద్యార్థి ఉండడు.

చికిత్సారంగంలో ఈ ద్వంద్వం మరింత స్పష్టం. ప్రొటీన్‌ను అడ్డగించే టానెజుమాబ్ అనే ప్రతిరక్షకం మోకాలి కీళ్ల అరుగుదల నొప్పిని తగ్గించింది. కాని కొందరిలో కీళ్లు వేగంగా ధ్వంసమయ్యాయి. 2010లో అమెరికాలో ప్రయోగాలు నిలిచాయి. అవి తిరిగి మొదలైనా, 2021లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ సలహా సంఘం 19–1 ఓట్లతో ప్రతికూలంగా తీర్పునిచ్చింది. మరోవైపు, నాడీస్పర్శ కోల్పోయి పుండుపడిన కంటిపాపపొరకు ఇదే ప్రొటీన్‌ను చుక్కలమందుగా వాడటానికి 2018లో అమెరికాలోనే అనుమతి లభించింది. ఒకచోట అడ్డగించవలసినది మరొకచోట అందించవలసినది అయింది.

స్థిరపడిన పేరును ఇప్పుడు మార్చడం అసాధ్యం, అనవసరం కూడా. ‘పోషక కారకం’ అనే మాట దీని పనికి కొంత దగ్గరగా వచ్చినా, అదీ నొప్పిని సూచించదు. తెలుగు పాఠ్యగ్రంథాలలో పడకగది ప్రయోగశాలకు ఇచ్చే పేరాకు తోడుగా, నొప్పి తెలియని ఆ పిల్లలకు మరొక పేరా కేటాయించడం మాత్రం సాధ్యమే.