జవాబు రాని కేక

పోయిన ఆదివారం లంబసింగిలో తెల్లారకముందే కారు తలుపులు బార్లా తీసి పాటలు మోగించిన కుర్రాళ్ల మీద నాకింకా కోపం తగ్గలేదు. మంచు చూడ్డానికి వచ్చినవాళ్లు కొండమీదికి మోత మోసుకురావద్దని ఈ శీర్షికలో ఎన్నోసార్లు రాశాను. మన్యంలో సెల్ టవర్లు కూడా వద్దని రాశాను. ఆ నిశ్శబ్దాన్నైనా మిగలనివ్వండి అన్నది నా పాత పట్టు.

ఈ వారమూ అదే రాద్దామని కూర్చుంటే, పాడేరు పైన పంతులుగా చేరిన తొలి ఏడాది గుర్తొచ్చింది. 1989. పద్నాలుగు గడపల ఊరు, కరెంటు లేదు. సామలు గింజ పట్టాయంటే అడవిపందులు దిగుతాయి. అందుకని ప్రతి పోడు చేనులోనూ నాలుగు గుంజల మీద మంచె, కింద నెగడు. మంచె మీది మనిషి రాత్రంతా డబ్బా కొడతాడు, కేకేస్తాడు. ఎదుటి కొండ మీదివాడు బదులు కేకేస్తాడు, ఆ అవతలివాడు అందుకుంటాడు. అలా కేక లోయ చుట్టి వస్తుంది.

తొలి వారం నాకు కునుకు లేదు. పందుల కోసం ఇంత అరవాలా అని నేనున్న ఇంటి పెద్దాయన్ని అడిగాను. "పక్కోడు బాగున్నాడో లేదో తెలీద్దా మేస్టారూ?" అన్నాడు.

ఒక రాత్రి జవాబు రాలేదు. మావాళ్లు మళ్లీ కేకేశారు. మళ్లీ రాలేదు. నలుగురు కాగడాలు పట్టుకుని గెడ్డ దాటి వెళ్తే, ఎదుటి కొండ మీదివాడు మలేరియా జ్వరంతో మంచె మీద ఒళ్లు తెలియకుండా పడున్నాడు. దుప్పటిని వెదురుబొంగుకు కట్టి డోలీ చేశారు. భుజాలు మార్చుకుంటూ దిగి, పొద్దు పొడిచేసరికి రోడ్డు చేరారు. బతికాడు.

ఆ ఏడాదంతటిలో నేను విన్న నిశ్శబ్దం అదొక్కటే. దానికి ఊరంతా లేచి కూర్చుంది.

ఇప్పుడు ఆ వాలుల్లో పోడు తగ్గి, సిల్వర్ ఓక్ నీడన కాఫీ పెరిగింది. చెట్టు చెట్టుకీ మిరియాల తీగ. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు సంబరంగా రాశాను కూడా. కాఫీ తోటకు మంచె కట్టరు. కేకలు పోయాయి. డోలీలు పోలేదు; నెలలు నిండిన ఆడవాళ్లను నేటికీ అలాగే మోసుకొస్తున్నారు. 108కి ఫోన్ చేయాలంటే సిగ్నల్ దొరికే గుట్ట వెతుక్కోవాల్సిన ఊళ్లున్నాయి. కేక పోయింది, ఫోను రాలేదు. ఆ రెంటి మధ్య మిగిలిన నిశ్శబ్దాన్ని నేను ఇన్నేళ్లూ మెచ్చుకుంటూ వచ్చాను.

టవర్లు వద్దన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. టవరు రావాలి, డోలీ దిగే దారిన రోడ్డూ రావాలి. లంబసింగి వెళ్లేవాళ్లకు నా మనవి మాత్రం పాతదే. పాటలు ఆపండి. ఆ లోయలో ఎవరైనా పిలిస్తే వినపడాలి.